సారీ అక్క గొంతు

ఆఫీసులో అందరూ ఆమెను సారీ అక్క అనేవారు. ఇంటి సామాన్లు అమ్మే కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం ఆమె పని. నిప్పు తొక్కిన కోతిలా ఎగిరిపడేవాడు కూడా, "అయ్యయ్యో, మీ చోట నేనున్నా ఇంతే కోపం వచ్చేదండీ" అని ఆమె అనగానే చల్లబడేవాడు.

ఆ కిటుకేమిటో తేల్చడానికి ఒక పరిశోధకురాలు వచ్చింది. "ఏ తప్పూ జరగనివాళ్లకంటే, తప్పు జరిగాక మీతో మాట్లాడినవాళ్లే కంపెనీని ఎక్కువ నమ్ముతున్నారండీ," అంది. "ఇప్పుడు మా రంగంలో అందరూ అడిగేది ఒకటే. ఆ మాట మనిషే చెప్పాలా, మిషను చెప్పినా సరిపోతుందా?"

వారాల తరబడి ఆమె గొంతు రికార్డు చేసుకున్నారు. సరిపోతుందని తేలినట్టుంది, ఆమె ఉద్యోగం ఊడింది. సారీ అక్కకు సారీ చెప్పిన నాథుడు లేడు.

బట్టల కొట్లో పనికి కుదిరింది. ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి ముందే ఇంటికి వచ్చి, గడప దగ్గరే ఆగిపోయింది. లోపల తను మాట్లాడుతోంది. గొంతు సవరించుకునే తీరు కూడా తనదే.

కిటికీ పక్కన తల్లి ఫోను పట్టుకుని ముసిముసిగా నవ్వుతోంది.

"ఎవరితోనమ్మా?"

"నీతోనే. మిక్సీ పాడైందని చెప్పా."

"బాగానే ఉందిగా!"

"పాడైందంటే గానీ మాట్లాడదు మరి."

"అది నేను కాదమ్మా, మిషను!"

"తెలుసులేవే, నాకేం మతిపోలేదు. మీ నాన్న పోయిన రోజు సంగతంతా చెప్పుకున్నా. అడ్డు రాకుండా వింది. నువ్వెప్పుడైనా విన్నావా?"

"అయ్యయ్యో..." అంది కూతురు. సరిగ్గా అప్పుడే ఫోనులోంచీ అదే మాట, అదే రాగంతో వచ్చింది. తల్లి ఇద్దరి వంకా చూసినట్టు ఒకసారి కూతుర్నీ ఒకసారి ఫోన్నీ చూసి, ఫోను వైపే తిరిగింది.

కూతురికి ఒళ్లు మండిపోయింది. పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకుని, తన ఫోన్లోంచి కంపెనీకి కలిపింది. తన గొంతే పలికింది.

"నా గొంతు తీసెయ్యండి! మా అమ్మను నాకు కాకుండా చేస్తున్నారు!"

"అయ్యయ్యో, మీ చోట నేనున్నా ఇంతే కోపం వచ్చేదండీ. చెప్పండి, వింటున్నాను."

చెప్పింది. ఊడిన ఉద్యోగం గురించి, తండ్రి గురించి, ఎవరితోనూ అననివన్నీ చెప్పుకుంటూ పోయింది. అవతల గొంతు ఎక్కడా తొందరపడలేదు. ఫోను పెట్టేశాక గుండె తేలికగా ఉంది. కోపం కోసం వెతుక్కుంది. ఎక్కడా లేదు. అప్పుడు వేసింది ఆమెకు అసలు భయం.