అచ్చు అతకడం నేర్చుకున్న వారం

ఆ ఏడు శ్రావణంలో మా ఇంటికి రెండు దేశాలు వచ్చాయి. కువైట్ ఒక ఏజెంటు చేతిసంచిలో వచ్చింది. కెన్యా నేను పనిచేసే కార్ఖానా గోడ మీద అంటించిన కాగితంలో వచ్చింది.

ఎనభైల చివరి మాట ఇది. సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర రెండు గదుల్లో ఉండేవాళ్ళం, మా అవ్వ (అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం), నేను, నా భార్య. గోడకు అవతల పవర్‌లూమ్‌లు. పొద్దున అవి మొదలుకాగానే గూట్లో గ్లాసులు వణికేవి. ముందు గదిలో ఒక టేకు కుర్చీ ఉండేది. అది మా తాతది. ఆయన నలభై చేతిమగ్గాల కార్ఖానా నడిపించిన మనిషి. ఆయన పోయాక మా నాయన, చిన్నాయనలు వాటాలకు కోర్టుకెక్కారు. ఆ తగాదా తెగేలోపల చుట్టుపక్కలంతా పవర్‌లూమ్‌లు వచ్చేశాయి. నాకు ఇరవై ఏళ్ళు వచ్చేసరికి నాయన కూడా పోయాడు, మా వాటాకు ఆ కుర్చీ మిగిలింది. అందులో అవ్వ తప్ప ఇంకెవరూ కూర్చునేవారు కాదు.

నేను జాబర్‌ని. మగ్గం ఆగితే విప్పి, సరిచేసి, నడిపించి పోవడం నా పని. నేను పనిచేసే కార్ఖానా యజమాని తండ్రి ఒకప్పుడు మా తాత దగ్గర చద్దర్లు నేసినవాడు. అందుకని యజమానే నన్ను మాలక్ (యజమానీ) అని పిలిచేవాడు.

"మాలక్, ఏడో నంబరు ఆగింది. జర చూస్తరా?"

అందులో మర్యాద ఎంతో ఎగతాళి ఎంతో నేను ఎన్నడూ తేల్చుకోలేదు. నిలబడి పని చేసేవాణ్ణి, నిలబడే చాయ్ తాగేవాణ్ణి. ఆ కార్ఖానాలో నేను నేల మీద కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

దేశం విడిచి పోవాలని ఉగాదికే నిశ్చయం చేసుకున్నాను. కారణం నా భార్య దగ్గు. ఆమె బీడీలు చుట్టేది. పొద్దున వంటయ్యాక చాట ఒళ్ళో పెట్టుకుంటే దీపాలు పెట్టేవరకు తునికాకు, పొగాకు, దారం. నా జాబర్ పనితో ఇల్లు సగమే నడిచేది, మిగతా సగం ఆ చాట నడిపేది. అశోక్ చౌక్ దగ్గరి డాక్టరు ఆమె వీపు మీద గొట్టం పెట్టి చూసి, ఇది మందుతో పోయే దగ్గు కాదు, పొగాకు మానాలి అన్నాడు. తిరిగి వస్తుంటే దారిలో ఆమె, "మానితే ఎట్ల నడుస్తది?" అంది.

"నేను మాన్పిస్త" అన్నాను. ఒకసారి అన్నాక నాకు వెనక్కి తీసుకోవడం రాదు.

ఏజెంటు హోట్గి రోడ్డు నుంచి స్కూటర్ మీద వచ్చాడు. మా గల్లీ నుంచి నలుగురిని పంపినవాడు.

"హెల్పర్ వీసా రెడీ ఉంది అన్నా. పాస్‌పోర్ట్ చేతిల పెట్టు, బస్."

"హెల్పర్ అంటే ఏం పని?"

"హెల్పర్ అంటే హెల్పరే. ఏది చెప్తే అది."

"ఇంటామెను తీస్కపోవచ్చా?"

అతను అవ్వ వైపు చూసి నవ్వాడు. "ఆడికి పెండ్లాలను తోల్కపోయేది పెద్ద పెద్ద ఇంజినీర్లు. మనం రెండేండ్లకొకసారి వచ్చి మొకం చూసి పోవుడే. ఆదివారం దాక ఆగుత. ఆ తర్వాత వీసా ఇంకొకనిది."

ఇక్కడికంటే అక్కడ నాలుగింతలు వస్తుంది, నిజమే. కానీ ఆ రెండేళ్ళలో చాట ఎక్కడికి పోతుంది? ఇల్లు నడవాలి కదా అని ఆమె చుట్టుతూనే ఉంటుంది, నేను అక్కడ ఎవరో చెప్పిన పని చేస్తుంటాను. నేను అన్న మాట తప్పినట్టే.

మర్నాడు, మంగళవారం, కార్ఖానా గోడ మీద రెండో దేశం కనిపించింది. కెన్యాలో ఒక దుప్పట్ల మిల్లుకు పనివాళ్ళు కావాలి. మేనేజర్ శనివారం వస్తాడు, ఇదే కార్ఖానాలో మగ్గం మీద పరీక్ష పెడతాడు. కుటుంబానికి క్వార్టర్ ఇస్తారు. జీతం కువైట్ కంటే తక్కువ. చివర ఒక వాక్యం మరాఠీలో రాసి ఉంది: అక్కడ పిలిస్తే వచ్చే మనిషి ఉండడు కనుక, వచ్చేవాడికి అచ్చు అతకడం నుంచి బట్ట దించేదాకా అన్నీ వచ్చి ఉండాలి.

ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను.

మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు మొత్తం కోసేయరు. అచ్చులో, అంటే పడుగు పోగులు దూరే పళ్ళ చట్రంలో, జానెడు పోగులు మిగులుస్తారు. కొత్త పడుగు వచ్చాక ఆ పాత కొసలకు కొత్త కొసలను ఒక్కొక్కటే వేళ్ళతో మెలివేసి కలుపుతారు. ముడి వేస్తే అచ్చులో తట్టుకుంటుంది కాబట్టి మెలి మాత్రమే. రెండువేల పోగులుంటే రెండువేల మెలులు. మా దగ్గర దీనికి వేరే మనుషులుంటారు. కబురు పెడితే వచ్చి, నేల మీద కూర్చుని అతికి పోతారు. తాత కార్ఖానాలో వాళ్ళు వెనక తలుపు నుంచి వచ్చేవారు. ఇంటి పిల్లలు వాళ్ళ పక్కన కూర్చోకూడదని ఆయన ఆజ్ఞ. అందుకే మగ్గం మొత్తం విప్పి మళ్ళీ బిగించగలిగిన నాకు, డిజైను అట్టలకు చిల్లులు కొట్టగలిగిన నాకు, అచ్చు అతకడం రాదు.

అన్నం తినేటప్పుడు ఈ సంగతంతా చెప్పాను. అవ్వ మొదట అడిగింది, "ఆ దేశంల బియ్యం దొర్కుతయా?" అని.

"దొర్కుతయట. పరీక్షకు నాలుగు రోజులే ఉన్నయి. అచ్చు అతుకుడు ఎవరన్న నేర్పితే..."

నా భార్య కంచంలోకి చూస్తూ, "నేను నేర్పిస్త" అంది.

అవ్వ చేతిలో ముద్ద ఆగింది.

ఇక్కడొక మాట చెప్పాలి. నా భార్య తల్లి అచ్చులు అతికిన మనిషి. కార్ఖానా కార్ఖానా తిరిగింది, మా తాత కార్ఖానా వెనక తలుపు నుంచి కూడా వచ్చిపోయింది. తల్లి పక్కన కూర్చుని పోగులు అందిస్తూ ఈమె పని నేర్చుకుంది. మాకు సంబంధం కుదిరే నాటికి ఇచ్చిపుచ్చుకోవడంలో ఎంచేంత స్థితి మాకు లేదు. అయినా అవ్వ ఒక్క షరతు పెట్టింది, ఆ పని మాట ఈ ఇంట్లో ఎత్తొద్దని. నేను సరే అన్నాను. తర్వాత ఇంటికి చాలనప్పుడు ఆమె పరాయి కార్ఖానాలకు పోయి అచ్చులు అతకగలిగేదే. మా ఇంటి కోడలు అక్కడ నేల మీద కూర్చోవడం ఎవరూ చూడొద్దని, నాలుగు గోడల మధ్య బీడీలు చుట్టడమే మర్యాద అని మేమే అనుకున్నాం. ఆమెకు దగ్గు తెచ్చింది పొగాకు. ఆమెను ఆరేళ్ళు పొగాకు ముందు కూర్చోబెట్టింది మేము.

ఇది నాకు ఆ అన్నం దగ్గరే తట్టింది. అంతకుముందు ఎందుకు తట్టలేదో చెప్పలేను.

బుధవారం కార్ఖానా నుంచి పారేసే పడుగు కొసలు సంచి నిండా తెచ్చాను. ఆమె సగం కిటికీ ఊచలకు, సగం మంచం కోడుకు బిగించి కట్టింది. రెండింటి కొసల మధ్య చోటు చూపించింది.

"కూసో."

"స్టూల్ మీద కూసుంట."

"స్టూల్ మీదికెల్లి గోడ కనవడ్తది, పోగు కనవడది. కింద కూసో. నడుం వంచు."

కూర్చున్నాను. ఈ పక్క పోగు ఒకటి, ఆ పక్క పోగు ఒకటి తీసి, రెండు కొసలు కలిపి, బూడిద అద్దిన బొటనవేలితో మెలి తిప్పి, ఆ మెలిని పోగు మీదికి పడుకోబెట్టి ఇంకోసారి తిప్పాలి. ఆమె చేస్తుంటే రెప్ప కొట్టేంతలో అయిపోయేది. నా పోగులు లాగితే ఊడివచ్చేవి.

"నువ్వు పోగును పట్టుకుంటలేవు, పానా పట్టుకున్నట్టు పట్టుకుంటున్నవ్" అంది.

అవ్వ కుర్చీని గోడ వైపు తిప్పుకుని బియ్యం ఏరుతూ కూర్చుంది. గురువారం మధ్యాహ్నం కూడా అట్లాగే కూర్చుంది. అప్పుడు తల తిప్పకుండానే అంది, "బూడిదె జల్లించిండ్రా? గరుకు బూడిదెతోని మెలి నిలుస్తదా?"

మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"నీకెట్ల తెల్సు అవ్వా?"

"మా అవ్వగారింట్ల నేనేమన్న కుర్సీ మీద పుట్టిన్నా?"

"మరి ఇన్నేండ్లు చెప్పలే?"

"ఎవరడిగిండ్రు నన్ను? మీ తాత అడిగిండా, మీ నాయిన అడిగిండా?"

శుక్రవారం అవ్వ కూడా కిందికి దిగింది. అత్తాకోడళ్ళు నాకు చెరో పక్క కూర్చున్నారు. నేను మధ్యలో తప్పులు చేస్తున్నాను.

"అత్తా, నీ మెలి ఎడమ దిక్కు పోతుంది."

"మా ఊరి మెలి గట్లనే ఉంటది పిల్లా. ఊడిపోతే అప్పుడు చెప్పు."

ఊడిపోలేదు.

శనివారం మేనేజర్ వచ్చాడు, కళ్ళద్దాల మనిషి, మరాఠీ, హిందీ కలిపి మాట్లాడేవాడు. పరీక్షకు ఐదుగురం. మొదట తానే ఒక మగ్గంలో ఏదో వదులు చేసి నడిపించమన్నాడు. అది నాకు ఒక లెక్క కాదు. తర్వాత కొత్త పడుగు చూపించి, కూర్చోమన్నాడు.

చుట్టుపక్కల మగ్గాలు ఆగాయి. "మాలక్ కింద కూసుంటుండురా, చాప తెండ్రి" అని ఎవరో అన్నారు. నవ్వులు. చాప రాకముందే కూర్చున్నాను.

అరగంట సమయం. పక్కవాళ్ళు నాకు రెండింతలు అతికారు. మేనేజర్ ఒక్కొక్కరి పోగులను అచ్చులోంచి లాగి చూశాడు. నావి మూడు తెగాయి, మిగతావి నిలిచాయి.

"నిదానం, కానీ గట్టిగా ఉంది. ఎన్నేళ్ళుగా చేస్తున్నావు?"

"మూడు రోజులు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఎవరు నేర్పారు?"

యజమాని ఎదురుగానే ఉన్నాడు. నేను కూర్చునే చెప్పాను. "నా భార్య. ఆమె తల్లి ఈ కార్ఖానాలల్లనే అచ్చులు అతికింది. మా తాత దగ్గర గూడ."

మేనేజర్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మొదటి ఏడాది ఒంటరిగా రావాలని, తర్వాత కుటుంబం అని అన్నాడు. గోడ మీది కాగితంలో ఆ మాట లేదు.

"పోతే ముగ్గురం ఒక్కసారే పోతం. లేకుంటే నేను రాను."

"ఇంత గట్టిగా చెప్తున్నావంటే చేతిలో ఇంకో పని ఉన్నట్టుంది."

"ఉంది. అందుల ఇంటామెకు జాగ లేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అక్కడి అమ్మాయిలకు ఈ పని నేర్పే మనిషి దొరకడం లేదని, నా భార్య వచ్చి చేసి చూపిస్తుందా అని అడిగాడు. నేను ఇంటికి నడిచాను. ఆమె చాట ముందు ఉంది. సంగతి చెబితే లేచి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, వేళ్ళు వాసన చూసుకుని, మూడోసారి కడుక్కుంది. కార్ఖానా ముందు తలుపు నుంచి ఇద్దరం లోపలికి వెళ్ళాం.

"వహినీ, చాప తెప్పియ్యనా?" అన్నాడు యజమాని, మరాఠీలో వదినా అని పిలుస్తూ.

"నక్కో, వద్దు" అని నేల మీద కూర్చుంది.

మేనేజర్ గడియారం చూడటం మొదలుపెట్టి, కాసేపటికి మానేశాడు. ఆమె వేళ్ళనే చూశాడు. ఆ పడుగులో మిగిలిన పోగులన్నీ అయిపోయేదాకా ఆమె లేవలేదు. మధ్యలో రెండుసార్లు దగ్గింది, చేతులు ఆగలేదు. ఆమె లేచాక మేనేజర్ తన కాగితం మీద ఒకటి కొట్టేసి మూడు అని రాసి, ఇద్దరికీ పని, ముగ్గురికీ క్వార్టర్ అన్నాడు.

ఆదివారం ఏజెంటు వచ్చాడు. కువైట్ పోనని చెప్పాను.

"పిచ్చా అన్నా? కెన్యాల మనోడు ఒక్కడన్న ఉన్నడా?" అవ్వ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్న చెప్పు."

"నేనేం చెప్త, నేను గూడ పోతున్న" అంది అవ్వ.

అతను వెళ్ళాక పాస్‌పోర్ట్ ఫారాలు తీశాను. ఇంట్లో బల్ల లేదు. తాత కుర్చీ మీద కాగితాలు పరిచి, ముగ్గురం దాని చుట్టూ నేల మీద కూర్చున్నాం. నా భార్య ఫారంలో వృత్తి అన్నచోట నేను కలం పెట్టగానే ఆమె అడిగింది.

"ఏం రాస్తున్నవ్?"

"ఇంటి పని."

"కొట్టెయ్. అచ్చు అతుకుడు అని రాయి."

కొట్టేసి రాశాను. అవ్వ ఫారం కిందుంది. తీసి ఆమె పేరు రాస్తుంటే, అవ్వ, పొద్దున కిటికీ పోగులు అతికిన వేళ్ళ బూడిద కొంగుతో తుడుచుకుంటూ అంది, "నా దాంట్ల గూడ గదే రాయి."