టేపు బాబాయి ముక్కు కొలతలు

టేపు బాబాయికి కొలవనిదే తోచదు. నలభై ఏళ్లు టైలరుగా పనిచేసి కొట్టు మూసేశాడు గానీ, మెడలో టేపు మాత్రం తియ్యలేదు. ఎవరైనా చూడవస్తే కుర్చీ చూపించే ముందు భుజాలు కొలుస్తాడు. ఒకసారి పళ్ల డాక్టరు నోరు తెరవమంటే, ఎంత తెరవాలో అంగుళాల్లో చెప్పమన్నాడు.

అందుకే పేటవాళ్లంతా మాస్కులు కుట్టడానికి పూనుకున్నప్పుడు, ఆయన్ని చేర్చుకోవడానికి పంతులమ్మ జంకింది. ఆమె ఆయన అన్నగారి కూతురు. జబ్బు భయంతో బడి మూతబడ్డాక, ఇంట్లో ఒక్కర్తే ఉంటూ, పద్నాలుగు ఇళ్లకు బట్టా ఎలాస్టిక్కూ పంచే పని నెత్తినేసుకుంది. కానీ ఆ పద్నాలుగు ఇళ్లలోనూ మిషను ముందు వణకని చెయ్యి బాబాయిదొక్కటే. లెక్చరరు గారు కుట్టిన మొదటి మాస్కుకు చెవి తాడు ఒకవైపే ఉంది. బ్యాంకు మేనేజరైతే మాస్కుతో పాటు తన చొక్కా చేతిని కూడా కలిపి కుట్టేసుకున్నాడు.

చేసేది లేక, పేటలో ఒంటరిగా ఉండే అరవై మంది పెద్దవాళ్లకు కుట్టే పని ఆయనకే అప్పజెప్పింది. శనివారం ఆస్పత్రి మళ్లీ తెరుస్తారు. మాస్కు లేనివాళ్లను గేటు దాటనివ్వరు. చాలామందికి బీపీ మాత్రలు అయిపోవచ్చాయి.

"అందరికీ ఒకటే సైజు చాలు బాబాయ్," అని ముందే చెప్పింది.

"దేవుడు ముక్కులు ఒకటే సైజులో ఇచ్చాడా?" అన్నాడాయన.

ఇంటింటికీ వెళ్లే వీల్లేదు కాబట్టి ఫోనులోనే కొలతలు మొదలుపెట్టాడు. ముక్కు నుంచి గడ్డానికి ఎంత, ఈ చెవి నుంచి ఆ చెవికి ఎంత. టేపు లేనివాళ్లు దారంతో, దారం లేనివాళ్లు బెత్తలతో కొలిచి చెప్పాలి. మర్నాడు మళ్లీ ఫోను.

"నిన్న పదకొండన్నారు, ఇవాళ పదిన్నరంటున్నారు. చిక్కిపోయారన్నమాట. ఏమన్నా తింటున్నారా లేదా?"

రిటైరైన స్టేషన్ మాస్టరు చేత నాలుగు రోజుల్లో ఆరుసార్లు ముఖం కొలిపించాడు. పంతులమ్మకూ రోజూ ఆ తిప్పలు తప్పలేదు. బుధవారం ఆమెకు విసుగెత్తింది.

"నా ముక్కు పన్నెండు అంగుళాలు. రాసుకో," అంది.

"రాసుకున్నాను. ఏమన్నా తిన్నావా?"

పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఫోను పెట్టేసి వంటింట్లోకి నడిచింది.

గురువారం దాకా బాబాయి దగ్గర్నుంచి ఒక్క మాస్కూ రాలేదు. అడిగితే "కొలతలింకా తేలలేదమ్మా" అంటాడు. శుక్రవారం పొద్దున, ఆ మాత్రల సంగతి తలుచుకుని ఆమెకు ఒళ్లు మండిపోయింది. బట్ట వెనక్కి తెచ్చుకుని తనే ఎలాగో కుట్టేద్దామని బయల్దేరింది.

పిన్ని పోయాక ఆ ఇంట్లో ఉన్నది ఆయనా, మిషనూ. బాబాయి కిటికీ దగ్గర నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. "చెవి ముందు నుంచి కాదండీ, వెనక నుంచి. సరే, మోకాలి నొప్పి ఎలా ఉంది?"

బల్ల మీద బట్ట లేదు. మాస్కులన్నీ ఇస్త్రీ చేసి, పదేసి చొప్పున ఆరు కట్టలు కట్టి ఉన్నాయి. పక్కన బట్ట కత్తిరించడానికి కొలతగా పెట్టుకున్న ఒకే ఒక్క అట్టముక్క, అంచుల నిండా సుద్ద. పంతులమ్మ మాస్కులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. నూలుపోగు తేడా లేదు. విడిగా పెట్టిన అరవై ఒకటోదానికి "అమ్మాయికి" అని చీటీ ఉంది. పన్నెండంగుళాల ముక్కుకు కుట్టినదీ అదే సైజు.

ఆయన ఫోను పెట్టేదాకా ఆగింది. "ఇవి ఎప్పుడయ్యాయి?"

"మంగళవారం."

"అన్నీ ఒకటే సైజు."

"నువ్వే కదమ్మా చెప్పావు."

"మరి ఈ కొలతలెందుకు బాబాయ్?"

ఆయన టేపును వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. "ఊరికే ఎలా ఉన్నారని అడిగితే, బాగానే ఉన్నామని పెట్టేస్తారు. కొలత అడిగితే టేపు వెతకాలి, అద్దం ముందు నిలబడాలి. ఈలోగా అసలు సంగతి బయటపడుతుంది. కుట్టడం అయిపోయిందంటే మర్నాడు ఏమని ఫోను చెయ్యను?"

తిడదామని దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఆమెకు పనికిరాలేదు. "బుధవారం నువ్వు అడక్కపోతే నాకు పస్తే బాబాయ్," అంది. అంతకంటే బాగా కృతజ్ఞత చెప్పడం ఆమెకు చేతకాలేదు.

శనివారం అరవై మందీ మాస్కులతో ఆస్పత్రి గేటు దాటారు. తన మాస్కు తన ముఖానికే ప్రత్యేకంగా కుట్టిందని స్టేషన్ మాస్టరు పక్కాయనకు గొప్పగా చూపించాడు. తనదీ అంతేనన్నాడు పక్కాయన.

ఆదివారం బాబాయి ఫోను చేశాడు. "ఉతికితే బట్ట కుంచించుకుపోతుందమ్మా. అందరికీ మళ్లీ కొలవాలి."

"సగం మంది నంబర్లు నాకివ్వు," అంది పంతులమ్మ. "ముందు నీ ముక్కు కొలత చెప్పు. నిన్నెవరూ అడిగినట్టు లేరు."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. మెడలోనే టేపు ఉన్న మనిషికి అంతసేపు పట్టనక్కర్లేదు.

"సరిగ్గా తెలియడం లేదమ్మా," అన్నాడు చివరికి. "రేపొకసారి ఫోను చెయ్యి."