గంగాదేవి చేతి గరిటె

పెద్దపంజాణి మండలంలోని ఒక ఊరి పాల సెంటరులో గంగాదేవి పదకొండేళ్లుగా పనిచేస్తోంది. వెన్న శాతం కొలిచే మిషను నడిపేది ఆమే. పాలు విరిగేలా ఉన్నాయని ముక్కుతోనే పసిగట్టేదీ ఆమే. అయినా పాలు పోసే ఆడవాళ్లు క్యాను ఆమె చేతికి ఇచ్చేవాళ్లు కాదు. జానెడు ఎత్తు నుంచి కొలత పాత్రలోకి వంపి, ఆమె వేలు తగలకుండా క్యాను వెనక్కి లాక్కునేవాళ్లు. ఆమెది దళితవాడ. అమ్మానాన్నలు ఆ ఇళ్ల చేలల్లోనే కూలి చేసినవాళ్లు. చేసేది అంటరానితనమే, దానికి ఊళ్లో పెట్టుకున్న పేరు అలవాటు. మోచేతి మీద చిందిన పాలు తుడుచుకుని గంగాదేవి, "తరవాత ఎవురమ్మా, రాండి" అనేది. గోడమీది బోర్డులో పాలు పరీక్షించే టెస్టరుగా ఉన్న పేరు కూడా ఆమెది కాదు, పాల సంఘం అధ్యక్షుడు వరదరాజులు మేనల్లుడు మునికుమార్‌ది. అతను పలమనేరులో సెల్‌ఫోన్ల షాపు నడుపుకుంటాడు.

గత ఏడాది పాల నిబంధనలు బిగిశాయి. శిక్షణ పొందిన టెస్టరు ప్రతి సభ్యురాలి క్యానులోనూ గరిటె ముంచి, పాలు కలపకముందే శాంపులు తీయాలి. లైసెన్సు మీద ఆ మనిషి పేరే ఉండాలి. మూడు నెలల్లో ఇదంతా జరగకపోతే సెంటరు మూతే. ఊళ్లో అరవై రెండు ఇళ్లు ఆ పాల మీదే బతుకుతున్నాయి. ఇంకో సెంటరు తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉంది.

వరదరాజులుకు మొదట తోచిన ఉపాయం పాతదే: పేపర్లలో రాసేద్దాం, పని ఎప్పటిలాగే జరుగుతుంది. పుంగనూరు పాల శీతలీకరణ కేంద్రం నుంచి వచ్చిన ఆఫీసరు ఝాన్సీ ఒప్పుకోలేదు. పరీక్ష పాసైన మనిషి వేలిముద్ర రోజూ పడాలంది. కుప్పంలో శిక్షణకు మునికుమార్‌ను పంపితే మొదటిరోజు మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. "షాపు మూసుకోని ఆడ కూసోలేను మామా" అన్నాడు.

అప్పుడు పిలుపు గంగాదేవికి వచ్చింది.

"ఏమ్మే గంగా, కుప్పానికి పోతావా?"

"పోతానయ్యా. బోర్డు మింద నా పేరు రాపిస్తారా?"

"ముందు పాసయి రా. సూస్తాం."

"పాసయినాక మీరు సూసేదేముందయ్యా, లైసెన్సే రాస్తాది గదా."

సెంటరులో ఉన్నవాళ్లు నవ్వారు. వరదరాజులు కూడా నవ్వక తప్పలేదు.

పలమనేరులో బస్సు మారి నాలుగు రోజులు కుప్పం తిరిగింది గంగాదేవి. పాసైంది. లైసెన్సు పేపర్ల కోసం మదనపల్లె ఆఫీసుకు మూడుసార్లు వెళ్లింది. మూడోసారి, "ఇంగేం కావల్లో అంతా ఒకేసారి రాసియ్యండి సార్, బస్సులోళ్లు నన్ను గుర్తుపడతాండారు" అందట. పని అయింది.

అసలు పరీక్ష ఊళ్లో మొదలైంది. తొలిరోజు వరుసలో ముందున్న మల్లమ్మ క్యాను వెనక్కి లాగింది.

"నా క్యానులో నీ గరిటె ముంచేదానికి లేదు. పైనుంచి పోస్తా, పట్టు."

"పైనుంచి పోస్తే అది శాంపులు కాదమ్మా. ఇష్టం లేకుంటే తీస్కపోండి, నేను బలవంతం సెయ్యను."

మల్లమ్మ తీసుకుపోయింది, వెనకున్నవాళ్లూ ఆమె దారే పట్టారు. తొమ్మిది కిలోమీటర్లు మోసుకుపోలేక మరునాడు తిరిగొచ్చి, క్యాను నేలమీద పెట్టి, మొహం అటు తిప్పుకుని నిలబడింది. గంగాదేవి గరిటె ముంచి తీస్తే పాలతోపాటు బొగ్గుముక్క వచ్చింది.

మల్లమ్మ క్యానులోనే కాదు, ఆ పూట ఇరవై మూడు క్యాన్లలో బొగ్గు ఉంది. పాలు గడప దాటితే దిష్టి తగులుతుందని చిన్న బొగ్గుముక్క వేయడం అక్కడి ఆడవాళ్ల పద్ధతి. ఇన్నాళ్లూ వడగట్టే గుడ్డలో అది ఆగిపోయేది, ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు వడకట్టకముందే శాంపులు. ఇన్ని క్యాన్లలో చెత్త ఉందని తేలితే లైసెన్సు పోతుంది.

"రాయొద్దు గంగా. కండ్లు మూసుకో" అన్నాడు వరదరాజులు.

"నా వేలిముద్ర పడతాది గదయ్యా. అబద్ధానికి నా ఏలు రాదు."

ఉన్నది ఉన్నట్టు రాసింది. రాసి ఊరుకోలేదు, ఝాన్సీకి ఫోన్ చేసి ఎనిమిది రోజులు గడువు అడిగింది. పదకొండేళ్ల అవమానానికి బదులు తీర్చుకోవాలనుకుంటే ఆ ఇరవై మూడు పేర్లూ రాసి ఊరుకుంటే చాలు. ఆమె ఆ పని చేయలేదు. నల్లదారం ఉండ కొనుక్కుని ఇల్లిల్లూ తిరిగింది.

"దిష్టి లేదని నేను సెప్పనమ్మా. కండ్లు పడేది క్యాను మింద గదా, లోపల పాలు ఎవురికి కనపడతాయి? బొగ్గు వద్దు. పిడికి దారం కట్టుకోండి, సాలు."

కొందరు అరుగు మీద నుంచే విని పంపించారు. మల్లమ్మ లోపలికి వెళ్లి క్యాను తెచ్చి గంగాదేవి చేతుల్లో పెట్టింది.

"నువ్వే కట్టు. నాకు ముడి సరిగా పడదు."

"ఇంతకాలం ఎనుములకు పలుపులు ఎవురు కట్టినారు మల్లమ్మా?" అంది గంగాదేవి.

"కట్టేసి పో మే, మాటలొకటి నీకు!"

ఎనిమిదో రోజు ఝాన్సీ వచ్చి అన్ని క్యాన్లూ చూసింది. ఒక్కదాంట్లోనూ బొగ్గు లేదు. సెంటరు నిలిచింది. బోర్డు మీద మునికుమార్ పేరు చెరిపి గంగాదేవి పేరు రాశారు. నిబంధన చేసింది తలుపు తీయడం వరకే. ఊరిని లోపలికి నడిపించింది ఈమె.

అయినా పని మిగిలే ఉంది. ఆ సంఘం నియమావళి ప్రకారం పాడి ఉన్నవాళ్లకే ఓటు. గంగాదేవికి పాడి లేదు. కాబట్టి ఆమె ఉద్యోగం ఉండాలో పోవాలో తేల్చే సమావేశంలో ఆమెకు నోరు లేదు. పనిచేసేవాళ్లకూ ఓటు ఇవ్వాలన్న తీర్మానానికి ఇప్పటికి పదిహేడు సంతకాలు పడ్డాయి. అరవై రెండు ఇళ్లలో సగం దాటాలంటే ఇంకో పదిహేను కావాలి. ఆ సంఘం సభ్యులు ఈ మాటలు చదువుతుంటే వెంటనే సంతకం పెట్టండి. మీది వేరే ఊరా? మీ పాల సంఘం సర్వసభ్య సమావేశం ఎప్పుడో కనుక్కోండి. ఇలాంటి తీర్మానమే రాసి, అధ్యక్షుడి చేతికిచ్చి, రసీదు అడిగి తీసుకోండి. మొదటి సంతకం మీదే కానివ్వండి.