చెల్లి గీయని డిసెంబరు గీత

మా చెల్లి పోయిన రోజు కూడా అన్ని రోజుల్లాగే తెల్లవారింది. తార్నాకలో మా ఇంట్లో నేను దీపం పెట్టి బయటికి వచ్చేసరికి, తను వాకిట్లో కూర్చుని నా ముగ్గు డబ్బాలోంచి గుప్పెడు పిండి తీసి పొట్లం కడుతోంది. డిసెంబరు మొదటి రోజు.

"ఏమే, మళ్లీ నా ముగ్గు మీద పడ్డావా?"

"నీ వాకిలికి రోజూ ముగ్గే కదక్కా. నా స్తంభానికి నెలకొక్క గీత."

ఉప్మా రెండు ముద్దలు తిని, "ఇది నీ దేవుడు తింటాడేమో గానీ నావల్ల కాదు, ఉప్పే లేదు" అంది. స్వెట్టర్ వేసుకోమన్నాను. వేసుకోలేదు. పొట్లం సంచిలో పెట్టుకుని గేటు వేసి వెళ్లింది.

పదకొండు దాటాక బడి ఆయమ్మ ఫోను చేసింది. "అమ్మా, మేడమ్ లైబ్రరీల కూలవడ్డది. జల్ది రాండ్రి." నేను చేరేసరికే అయిపోయింది. గుండె అన్నారు. పొట్లం సంచిలో అట్లాగే ఉంది.

చెల్లి యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఒక చిన్న బడిలో ఐదో తరగతికి చెప్పేది. క్వార్టర్ల దారిలో బల్బు లేని దీపస్తంభం ఒకటుంది. ప్రతి నెలా మొదటి రోజు, మధ్యాహ్నం నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండే వేళకు, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేది. నీడ కొస దగ్గర ముగ్గుతో గీత గీసి, వానకు పోకుండా ఒక మొల కొట్టించేది. ఆ మొలల వరసే ఆమె ఋతువుల పాఠం.

మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని పిల్లల గైడులో ఉంది. బడి తెరిచిన జూన్‌లో వెళ్లి చూస్తే, సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉండి నీడ దక్షిణానికి పడింది. పిల్లలు స్తంభాన్ని వదిలి గైడునే నమ్మారట. ఒకడైతే, "టీచర్, స్తంభం వంకరున్నది" అన్నాడట. ఆగస్టులో నీడ స్తంభం కిందికే వచ్చి మాయమైంది. తర్వాత ఉత్తరానికి తిరిగింది. అప్పుడు చెప్పిందట: "పుస్తకం రాసినాయన ఎక్కడ కూర్చుని రాశాడో ముందు అడగండి. నమ్మడం తర్వాత."

పిల్లలు ఆ మాట మనసులో పెట్టుకున్నారు. గొడవంతా అక్కడే వచ్చింది.

తెల్లదొరల కాలపు పాఠంలో, వానలు పడక కరువులొచ్చి లక్షల మంది చనిపోయారని ఒక్క వాక్యం ఉంది. మాది రాయలసీమ. నాన్న యూనివర్సిటీ ఉద్యోగంతో ఇక్కడికి వచ్చాం. మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు: ఆ కరువులో దొరల దేశానికి పోయే ధాన్యం బండ్లు వరసగా రైలు స్టేషను దారి పట్టాయి, వాటి వెనకే ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని నడిచారు, రాలిన గింజలు ఊడ్చుకోవడానికి. చెల్లి అది పిల్లలకు చెప్పింది. "వాన పడకపోవడం ఋతువు పని. ఉన్న గింజలు పట్టుకుపోవడం మనుషుల పని" అంది.

పరీక్షలో కరువులకు కారణం అడిగారు. పదకొండు మంది పిల్లలు, "వాన పడలేదు. ఉన్న ధాన్యం రైలెక్కించారు" అని రాశారు. చెల్లి పూర్తి మార్కులు వేసింది. ప్రిన్సిపాల్ గారు వాటిని ఎర్ర సిరాతో కొట్టేసి సున్నాలు వేశారు. దిద్దేవాళ్లకిచ్చిన జవాబుల కాగితంలో 'వర్షాభావం' అని మాత్రమే ఉందట. పసి మనసుల్లో ద్వేషం నింపుతున్నందుకు క్షమాపణ రాసివ్వమని చెల్లికి మెమో ఇచ్చారు. రాయనంటే తరగతి తీసేసి లైబ్రరీలో కూర్చోబెట్టారు. భోజనం గంటలో స్తంభం దగ్గరికి వెళ్లడం మాత్రం ఆమె మానలేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. "ఒక్క సంతకమే కదా, పెట్టెయ్" అన్నాను. చెల్లి నా వైపు చూసి, "నువ్వు దేవుడి ముందు కూర్చుని అబద్ధం చెప్తావా అక్కా? నేను పిల్లల ముందు కూర్చుంటా" అంది. సంతకం పెట్టమని మళ్లీ అనలేదు. ఆమె పక్కన నిలబడనూ లేదు.

నాకు కోపం తక్కువ. కానీ ఈ పదిరోజులుగా దీపం ముందు కళ్లు మూసుకుంటే ఆ ఎర్ర సిరానే కనిపిస్తోంది. పదేళ్ల పిల్లలు నిజం రాస్తే సున్నా వేసే చెయ్యి ఎట్లా ఆడింది?

నిన్న పొద్దున ప్రిన్సిపాల్ గారు ఫోను చేశారు. "మేడమ్ మా స్కూల్‌కి పెద్ద అసెట్ అండి. శనివారం సంతాపసభ పెట్టాం. ఫ్లెక్సీకి మంచి ఫోటో ఒకటి పంపండి. మీరు రెండు మాటలు చెప్తే బాగుంటుంది. ఆ పేపర్ల సంగతి మాత్రం ఎత్తకండి, ప్లీజ్."

"పిల్లల మార్కులు దిద్దారా?"

"అది క్లోజ్ అయిపోయిన ఇష్యూ అండి."

"సున్నాలు అట్లాగే ఉన్నాయా?"

మళ్లీ ఫోటో మాటే ఎత్తారు. ఫోను పెట్టేశాను.

మధ్యాహ్నం గోల్నాక నుంచి ఆయమ్మ చెల్లి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చింది. కడిగి తెచ్చింది. "మీకు ఎర్కనా అమ్మా, మేడమ్ పోయిన తెల్లారి పిల్లలే పోయి నీడకు గీత గీసిండ్రు. ముగ్గు లేకపాయె, సుద్దముక్కతోని గీసిండ్రు. మొల కొట్టనీకి నన్నే రాయి తెమ్మన్నరు. ఏంది పిల్లలూ, సార్ చూస్తే నా నౌకరీ పోతది అన్న. 'గీ ఒక్క మొలనే ఆంటీ' అన్నరు. తెచ్చిచ్చిన, ఏం జేస్త మరి!" నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం నల్లకుంట నుంచి తమ్ముడు, మరదలు వచ్చారు. ఫోను సంగతి చెప్పాను.

"పోనీలే అక్కా, పోయిన మనిషి కోసం ఇప్పుడు గొడవెందుకు?" అన్నాడు తమ్ముడు.

మరదలు ఎప్పుడూ మా మాటల్లో కలగజేసుకోదు. నిన్న మాత్రం, "పోయినామె కోసం కాదండీ, ఉన్న పదకొండు మంది కోసం" అంది.

తమ్ముడు టిఫిన్ డబ్బాకు మూత పెట్టి పక్కకు జరిపాడు. తర్వాత, "కాగితం తీసుకురా అక్కా" అన్నాడు.

ఆ సున్నాలు దిద్ది, మెమో వెనక్కి తీసుకునేదాకా చెల్లి ఫోటో ఆ బడికి పంపకూడదని, సభకు ఎవరమూ వెళ్లకూడదని నిర్ణయించుకున్నాం. ఆ మాటే ఉత్తరం రాశాం. కింద మొదటి సంతకం నాది. ఫోటో మా పూజగదిలో ఉంది. దాని ముందు, దారం విప్పని ముగ్గు పొట్లం.