హులిగెమ్మ ఉత్తరం

కర్నూలు రాజధాని అయిన ఏడాదికి, కోసిగి బడిపంతులమ్మ హులిగెమ్మ మనసులో కథలు పదేళ్లుగా నానుతున్నాయి. సిరా లేదనో, బిడ్డకు జ్వరమనో రోజూ వాయిదా వేసేది. వారపత్రికలో ఏ రచయిత్రి ఫోటో కనబడినా మూతి ముడిచి, "ఆయమ్మకేమి, వంటమనిషి ఉంటాది, రాస్తాది" అనేది. ఒక ఆదివారం ఉక్రోషం ఆపుకోలేక అలాంటి ఒకామెకు నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పిండిలో పడే దుమ్మూ, కరువుకు వలసపోయి బడి మానిన పిల్లలూ, అన్నీ ఏకరువు పెట్టింది.

దాన్ని పోస్టు చేయకముందే చదువురాని అత్త మద్దమ్మ కోడలి చేత చదివించుకుని వింది. పిల్లల సంగతి వచ్చేసరికి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇది మన కతే గదమ్మా! ఆయమ్మను తిట్టిందంతా తీసేసి పేపరోళ్లకు పంపు" అంది. తిట్లన్నీ కొట్టేస్తే మూడు పేజీలు మిగిలాయి. వాటి కింద హులిగెమ్మ తన పేరు రాసింది.