కారమా, అవునా?

షార్జాకి వచ్చి వారం తిరక్కుండానే అత్తయ్య పెట్టె సర్దుకున్నారు. అది 2005. అల్ నహ్దాలో మాది చిన్న ఫ్లాట్. బాబుకి ఏడాది నిండింది, బర్ దుబాయ్‌లో ఒక బట్టల కంపెనీ ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. అత్తయ్య ఉండి బాబుని చూసుకుంటే చేరతాను, వెళ్లిపోతే లేదు. అక్కడి ముదీర్, అంటే మేనేజరు, శనివారం కల్లా ఏ సంగతో చెప్పమన్నాడు.

అత్తయ్యకి మామీద కోపమేమీ లేదు. తెనాలిలో సగంలో వదిలేసి వచ్చిన టీవీ సీరియల్ మా డిష్‌లో రాదు, అదీ ఆవిడ బాధ. "ఆ పిల్లకి పెళ్లయిందో లేదో తెలీదు. నన్ను విమానం ఎక్కించెయ్యండ్రా" అని పొద్దున్నే అందుకునేవారు. సీరియల్ పిల్లకున్నపాటి విలువ నాకు లేదా అని నాకు ఒళ్లు మండేది.

ఇంతలో మా ఆయన ఫ్యాక్టరీలో పనిచేసే స్వీడన్ ఇంజనీరు భార్య, శుక్రవారం భోజనానికి, తమ దేశపు సినిమా చూడటానికి మమ్మల్ని పిలిచింది. "పాపం, చప్పిడి తిండి తింటారేమో" అంటూ అత్తయ్య సీసా నిండా గోంగూర పచ్చడి పట్టుకొచ్చారు.

ఆ ఇంటావిడ పచ్చడి కలిపి ఒక ముద్ద తిన్నది. బాగుందా అని ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ పెదవులు చుట్టి, ఊపిరి లోపలికి పీల్చి "హుప్" అంది.

"అయ్యయ్యో, కారం తగిలిందే! పంచదార తే, అమ్మాయ్!" అని అత్తయ్య కంగారుపడ్డారు.

ఇంటావిడకి ఏమీ అర్థం కాకపోయినా, మర్యాదకి చెంచాడు పంచదార తిన్నది.

సినిమా పెట్టబోతూ ఆవిడ చెప్పింది, ఇది మొదట వాళ్ల టీవీలో ఏళ్ల తరబడి వచ్చిన సీరియల్, తర్వాత సినిమా తీశారు అని. ఆ ముక్క తెలుగులో చెప్పేసరికి, సోఫాలో జారగిలబడ్డ అత్తయ్య లేచి కూర్చున్నారు. "అయితే ముందు కథంతా చెప్పమను. మధ్యలోంచి చూస్తే ఏం తెలుస్తుంది?"

ఇంటావిడ సంబరపడిపోయి మొదలుపెట్టింది. పడవ నడిపే విధవరాలు, ఒకరితో ఒకరికి మాటలు లేని అల్లుళ్లు, ఎదురొడ్డున ఆవిణ్ణి పెళ్లి చేసుకోవాలని ఏళ్లుగా కాచుక్కూచున్న ముసలాయన. నేను తెలుగు చెయ్యలేక ఆయాసపడ్డాను. మగవాళ్లిద్దరూ ఆశ వదులుకుని బాల్కనీలోకి పోయారు.

ఎట్టకేలకు సినిమా మొదలైంది. మంచు కురుస్తోంది. పడవకి తాడు కట్టనా అని ఎవరో అడిగితే ముసలాయన "హుప్" అన్నాడు. అత్తయ్య ఉలిక్కిపడ్డారు.

"ఈయనకి గోంగూర ఎవరు పెట్టారే?"

నేను నవ్వు ఆపుకోలేక ఇంటావిడకి చెప్పాను. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. వాళ్లది స్వీడన్‌లో ఉత్తరాన ఉన్న ఊరట. అక్కడ అవును అనడానికి నోరు విప్పరు, ఇలా ఊపిరి పీలుస్తారట.

"అయితే పంచదార ఊరికే తినిపించానా!" అని అత్తయ్య నాలుక కరుచుకున్నారు. అప్పట్నించి తెర అడుగున పడే ఇంగ్లీషు అక్షరాలు నేను చదివి చెప్పే లోపే ఆవిడ కథ పట్టేస్తున్నారు. చివర్లో ముసలాయన రేవులో నిలబడి పెళ్లి సంగతి అడిగాడు. పడవావిడ చాలాసేపు నీళ్లవైపు చూసి "హుప్" అంది. తెరమీద ఒక్క అక్షరమూ పడలేదు.

"ఒప్పుకుంది!" అని అత్తయ్య అరిచారు. ఇద్దరాడవాళ్లూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడుస్తున్నారు. వాళ్లని చూసి నాకెంత ముచ్చటేసిందో! వచ్చేస్తుంటే ఆవిడ బీరువాలోంచి ఒక పెట్టె తీసి చూపించింది. సీరియల్ మొత్తం డిస్కుల్లో ఉందట, ప్రతి శుక్రవారం రమ్మంది. అత్తయ్య ఆ పెట్టెని కళ్లార్పకుండా చూశారు.

మర్నాడు శనివారం. అత్తయ్య వంటింట్లో పచ్చిమిరపకాయల పచ్చడి రుబ్బుతున్నారు. గుండె చిక్కబట్టుకుని అడిగాను, "అత్తయ్యా, వీసా సంగతి మీ అబ్బాయి చూసుకుంటానన్నారు. మీరు ఉంటారా? నన్ను ఉద్యోగంలో చేరమంటారా?"

ఆవిడ పచ్చడి వేలితో తీసి నాలుక మీద రాసుకుని, "హుప్" అన్నారు.

నేను గ్లాసుతో నీళ్లు పట్టుకుని నిలబడిపోయాను. "కారమా, అవునా?"

"ఆ నీళ్లు పక్కన పెట్టి ముదీర్‌కి ఫోన్ చెయ్యవే. యల్లా, తొందరగా!"