తడికలు లేని ఇళ్ళు

మొన్న ఆదివారం ఓటర్ల జాబితా పట్టుకుని ఒకమ్మాయి మా అపార్టుమెంటుకి వచ్చింది. నా పేరుకీ, మా అబ్బాయి, కోడలి పేర్లకీ టిక్కులు పెట్టుకుని, ఎదురింటి తలుపుకి తాళం కనబడగానే కాగితం మీద ఏదో గీకబోయింది. నాకేం పూనిందో ఏమో, డెబ్బై ఎనిమిదేళ్ళ మోకాళ్ళ సంగతి మరిచిపోయి ఒక్క అంగలో గుమ్మం దాటి, "ఆగమ్మా, ఏమీ రాయకు! వాళ్ళు పెళ్ళికెళ్ళారు, ఎల్లుండి వస్తారు" అని కేక పెట్టాను. ఆ పిల్ల హడలిపోయింది. అంత కేకలెందుకత్తయ్యా అని మా కోడలు నవ్వింది గానీ, ఎందుకో దానికి చెప్పాలంటే యాభై ఏళ్ళ పైచిలుకు వెనక్కి, బాపట్ల దాకా వెళ్ళాలి.

అరవయ్యో దశకం చివర్లో నాకు బాపట్లలో టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఇల్లు తెనాలిలో. నాన్న చిన్నప్పుడే పోతే పెదనాన్నా పెద్దమ్మా నన్ను పెంచి చదివించారు. బాపట్లలో ఒక గది అద్దెకి తీసుకుని, శనివారం మధ్యాహ్నం పాసింజరెక్కి తెనాలి చేరి, సోమవారం పొద్దున్నే మళ్ళీ పరుగెత్తుకు వచ్చేదాన్ని. మీలో ఆ రోజుల్లో ఉద్యోగాలు చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, సర్కారుకి పంతుళ్ళంటే ఎంత అలుసో! మనుషుల లెక్కలు మేమే రాయాలి, గేదెల లెక్కలు మేమే రాయాలి, టీకాలకి పిల్లల్ని మేమే పోగుచెయ్యాలి. అలాగే ఓ మాఘమాసంలో ఓటర్ల జాబితా సవరించే పని నా నెత్తిన పడింది. ఊళ్ళో రెండు వీధులు, సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట ఒకటి నా వంతుకి వచ్చాయి.

వీధులు రెండూ శ్రద్ధగానే పూర్తి చేశాను. పేటకి మాత్రం ఒక శనివారం పొద్దున వెళ్ళాను. సరుగుడు తోట దాటాక బస్సు లేదు, బండి లేదు, మడమలు కూరుకుపోయే ఇసుకలో చెప్పులు చేత పట్టుకుని నడక. తీరా వెళ్ళి చూస్తే పేటంతా బోసిగా ఉంది. ముప్పై నలభై తాటాకిళ్ళు, ఒక్కదానికీ తలుపు లేదు. మట్టిగోడలు, పైన కప్పు, లోపల చీకటి. ఒక కుక్క మాత్రం నా వెంట తిరిగింది. మా తెనాలి వైపు తలుపులు ఊడదీసుకుపోయిన ఇల్లంటే పాడుపడ్డ ఇల్లే, అందులోకి ఇంక ఎవరూ రారు. నేను తెనాలి పిల్లనయ్యె! సరుగుడు తోట దగ్గర ఎవరినైనా అడుగుదామని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ అవతల పాసింజరు దాటిపోతుందేమోనని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ వారం పెద్దమ్మ నాకోసం పనసపొట్టు కూర చేస్తానంది. "ఇళ్ళు పాడుపడినవి, నివాసులు ఎవరూ లేరు" అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టి, రైలందుకున్నాను.

బాపట్లలో మా గది ఉన్న వీధికి చేపలు తెచ్చే మనిషి ఒకావిడ ఉండేది. వీధి పిల్లలందరికీ ఆవిడ చేపలత్త, నాకూ అత్తే. మొగుణ్ణి సముద్రం మింగేస్తే ముగ్గురు ఆడపిల్లల్ని తల మీది గంపతో పెంచి పెళ్ళిళ్ళు చేసిన మనిషి. "అత్తా అంటున్నావు గానీ పంతులమ్మా, నాకు మగపిల్లోడు లేకపోయాడే, ఉంటే ఈపాటికి నీ చేత వలలు అల్లించేదాన్ని" అని నన్ను ఆటపట్టించేది. ఆ చలికాలం మూడు నెలలూ ఆవిడ మా వీధికి రాలేదని గమనించాను కానీ, ఎక్కడికి వెళ్ళిందో, అసలు ఆవిడది ఏ పేటో అడగాలని నాకు తోచలేదు. చేపలు తెచ్చేవాళ్ళు ఎక్కడుంటారో ఎవరు అడుగుతారు?

కొన్నాళ్ళకి ఎన్నికలు వచ్చాయి. ఓట్ల రోజు సాయంత్రం చేపలత్త మా అరుగు మీదకి వచ్చి కూర్చుంది. నెత్తిన గంప లేకుండా ఆవిణ్ణి అదే చూడడం. పెట్టెలో దాచుకున్న నేత చీర కట్టుకుంది, తలకి నూనె రాసుకుంది. మొట్టమొదటి ఎన్నికల నుంచీ ఒక్కసారి కూడా తప్పకుండా ఓటేసిందట. ఇవాళ పేటంతా కట్టకట్టుకుని వెళ్తే, మీ పేట కాగితంలోనే లేదని పొమ్మన్నారట.

"చచ్చినోళ్ళకి దినాలన్నా చేస్తారు గదమ్మా, మమ్మల్ని బతికుండగానే తీసేశారు" అంది. అని, ఎవరు రాశారో ఏమిటో, చలికాలం వేటకి తామంతా నిజాంపట్నం వైపు పోతామని ఊరందరికీ తెలుసుననీ, అక్కడ ఒడ్డున వేసుకునే పాకలకి కావాలని గుమ్మాలకి తలుపులుగా కట్టుకున్న తడికలు విప్పి పడవల్లో వేసుకుపోతామనీ, రెండిళ్ళకీ ఒకటే తడికనీ, ఉగాదికి ముందే వాటితోనే తిరిగొస్తామనీ చెప్పుకొచ్చింది. నేనే రాశానని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మా పెదనాన్నకి చెప్తానత్తా, ఆయన చూసుకుంటారని మాత్రం అన్నాను.

మా పెదనాన్న సంగతి చెప్పాలి. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక ఆయన ఓటర్ల సంఘం అని ఒకటి పెట్టారు. పేరుకి సంఘమే గానీ అందులో ఉన్నది ఆయనా, ఆయన స్నేహితుడైన రిటైర్డు పోస్టుమాస్టరు గారూ, ఒక పాత సైకిలూ. ఎవరికి ఓటు వెయ్యమనీ చెప్పరు, ఓటు ఉందో లేదో చూసుకోమని మాత్రం కాలవగట్ల వెంట ఇల్లిల్లూ తిరిగి చెప్పేవారు. పార్టీలేని మనిషిని తెనాలిలో నమ్మేదెవరండీ! ఈ పార్టీ వాళ్ళు ఆయన్ని ఆ పార్టీ మనిషనీ, ఆ పార్టీ వాళ్ళు ఈ పార్టీ మనిషనీ అనేవారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అందుకని ఆయన ఒక నియమం పెట్టుకున్నారు, రాజకీయాల్లో ఉన్న ఏ ఇంట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టకూడదని.

నేను పేట సంగతి చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. ఏ గాడిద రాశాడే అది, కళ్ళు నెత్తికెక్కాయా వాడికి, చదువు చెప్పేవాడేనా వాడు అని వీధి వినేట్టు తిట్టారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను వంటింట్లోకి తప్పుకున్నాను. మర్నాడే ఆయన సైకిలు రైల్లో వేయించుకుని బాపట్ల వచ్చి, పేటకి వెళ్ళి, అందరి చేతా అర్జీ మీద వేలిముద్రలు వేయించారు. తాలూకా ఆఫీసులో మాత్రం, ఎన్యూమరేటరు సంతకం పెట్టి రాసినదాన్ని మేమెలా కాదంటామండీ అన్నారు. నెలల తరబడి తిరిగినా అదే మాట. చివరికి, హైదరాబాదులో శాసనసభ సమావేశాలు మొదలవుతున్నాయి, మన వైపు సభ్యులందరికీ, పార్టీ చూడకుండా, తలా ఒక కాపీ ఇచ్చి సభలో అడిగిద్దామని నిశ్చయించారు. కానీ ఆ రాసినవాడు తప్పు ఒప్పుకుని ఒక ముక్క రాసిస్తే తప్ప ఈ అర్జీకి కాళ్ళు రావని రోజూ వాపోయేవారు.

నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. తప్పుడు రిపోర్టు ఇచ్చానని నా చేత్తో నేనే రాసిస్తే ఇంటికి పంపేస్తారు. రాయకపోతే పేటకి పేట ఓట్లు లేకుండా ఉండిపోతుంది. ఒక ఆదివారం, ఆ రాసింది నేనేనని పెద్దమ్మ దగ్గర బావురుమన్నాను. ఆవిడ పప్పు కలుపుతూనే, "ఆయనతో చెప్పవే. మూడు తిడతాడు, నాలుగో తిట్టుకి ఆయనకే ఆయాసం వస్తుంది" అంది. వెళ్ళి చెప్పాను. ఆ ఒక్కరోజే ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, కాగితం, కలం నా ముందుకి జరిపి, "రాయి. వంకలు మాత్రం పెట్టకు" అన్నారు. రైలందుకోవాలన్న తొందరలో ఎవరినీ విచారించకుండా రాశానని ఉన్నదున్నట్టు రాశాను.

హైదరాబాదుకి పెదనాన్నతో, పోస్టుమాస్టరు గారితో నేనూ వెళ్ళాను. పొద్దున్నే సభ్యుల క్వార్టర్సుకి బయల్దేరాం. ముందు ఎవరింటికి వెళ్తే వాళ్ళ మనుషులమంటారని, గది నంబర్ల వరుసలో పోదామన్నారు పెదనాన్న. మొదటి గదిలోనే చిక్కొచ్చింది. ఆ సభ్యుడి భార్య, తల నెరిసిన ఇల్లాలు, తనే స్వయంగా కాఫీ కలిపి తెచ్చి, మా పుట్టిల్లు రేపల్లే, అన్నయ్య గారూ, కాదనకండి అంది. అన్నయ్య గారూ అన్నాక ఏం చేస్తారు? తాగారు. వీధిలోకి వచ్చాక మొహం మాడ్చుకుని, ఒకరింట తాగి ఇంకొకరింట తాగకపోతే పక్షపాతం అవుతుంది, ఇంక అందరిళ్ళల్లోనూ తాగాల్సిందేనని తీర్మానించారు. జన్మలో మజ్జిగ తప్ప తాగని మనిషి ఆ పూట తొమ్మిది కాఫీలు తాగారు! పోస్టుమాస్టరు గారు నాలుగో ఇంటికే చేతులెత్తేశారు. ఆ రోజంతా సంఘం అధ్యక్షుల వారికి గుండెదడ, కడుపులో మంట. నిష్పక్షపాతమంటే మాటలు కాదే అమ్మాయ్ అని పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ తొమ్మిదిమందిలో ఒక పెద్దాయన నా కాగితం రెండుసార్లు చదివి, నీ ఉద్యోగానికే ముప్పు రావచ్చు, తెలుసా అమ్మా అని అడిగారు. తెలుసండి అన్నాను. ఆయనే మర్నాడు సభలో ఆ ప్రశ్న వేశారు. మేం పైన గ్యాలరీలో కూర్చుని చూస్తున్నాం. అవతలి పక్షం వైపు నుంచి ఇంకొకాయన లేచి, ఇది మా మాట కూడానన్నారు. మంత్రి గారు విచారణ జరిపిస్తామని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నారు. అంతే, రెండు నిమిషాలు పట్టలేదు. ఆ రెండు నిమిషాలూ పెదనాన్న నా చెయ్యి వదల్లేదు.

విచారణ నిజంగానే జరిగింది. తహసీల్దారు గారు సాయంత్రం పూట పేటకి వచ్చి, లాంతర్లు పెట్టించి, అందరి పేర్లూ తిరిగి రాయించారు. నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. నేను భయపడ్డట్టు ఉద్యోగం పోలేదు గానీ రేపల్లె తాలూకాలో, భట్టిప్రోలు దగ్గర ఒక పల్లెకి బదిలీ చేశారు. బదిలీ కాగితం చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

బాపట్ల వదిలే ముందు రోజు చేపలత్త మా గదికొచ్చింది. గంపలో ఆ రోజు పడినవాటిల్లోకెల్లా పెద్ద చందువాలు ఏరి తెచ్చి, మా పేటని బతికించిన తల్లివి, నువ్వు చల్లగా ఉండాలని నా తల నిమిరింది. ఆ చెయ్యి భరించలేకపోయాను. మిమ్మల్ని తీసేసింది నేనే అత్తా, ఆ శనివారం మీ పేటకి వచ్చింది నేనే, తడికలు లేకపోతే పాడుపడ్డ ఇళ్ళనుకున్నానని మొత్తం కక్కేశాను. చందువాలు తిరిగి గంపలో వేసుకుని వెళ్ళిపోతుందనే అనుకున్నాను. వెళ్ళినా నేనేమీ అనుకునేదాన్ని కాదు.

ఆవిడ గంప పక్కకి జరిపి నా దగ్గరగా కూర్చుంది.

"ఆ ఇసకలో అంత దూరం నడిచొచ్చావా తల్లీ!" అంది. "మా పేటకొచ్చి, గుక్కెడు మంచినీళ్ళిచ్చే దిక్కు లేక ఎండన పడి ఎనక్కెళ్ళావా?"

అని పైట చెంగుతో నా మొహం తుడిచింది. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పసిపిల్లలా ఏడ్చాను.

తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా రేపల్లె, తెనాలి తాలూకాల్లో ఎన్ని జాబితాలు రాశానో లెక్కలేదు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు గుమ్మంలో నిలబడి, కాసిని మంచినీళ్ళిస్తారా అని అడిగేదాన్ని. ఆ వంకన లోపలినుంచి ఒక మనిషి వచ్చేది, చెంబు చేతికిచ్చి కూర్చోమనేది, ఇంట్లో ఎందరున్నారో, ఎవరు ఏ ఊరు వెళ్ళారో, ఎప్పుడొస్తారో నేను అడక్కుండానే చెప్పుకొచ్చేది. ఇప్పుడు జాబితాలన్నీ ఫోన్లలో ఉన్నాయి, పనులు చిటికెలో అవుతున్నాయి, మంచిదే. మా గుమ్మంలోకి వచ్చేవాళ్ళకి నేనే గ్లాసు పట్టుకుని ఎదురెళ్తాను. వద్దండీ, ఉన్నాయండీ అని భుజాన ఉన్న సీసా చూపించి, మెట్లు దిగి వెళ్ళిపోతారు.